నిదానం అంటే నెమ్మది కాదు

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. నేను రిటైరైన ఆఫీసులోనే వాళ్లిప్పుడు పనిచేస్తున్నారు. బోర్డు మీద దానికి మూరెడు పేరుంది గానీ కరీంనగర్ ఆటోవాళ్లంతా దాన్ని పొగాఫీసు అనే అంటారు. అదే సరైన పేరు. ఈ పిల్లలు ఛాయ్ తాగుతూ ప్రతిసారీ ఒకటే అడుగుతారు: "సార్, మీ కాలంలో మన ఆఫీసు చేసిన మంచి పని ఏదన్నా చెప్పండి."

ఉంది. ఒకటుంది. గాలించినా రెండోది దొరకదు. కాకపోతే ఆ మంచి పని ఎందుకు చేశామన్నది చివర్న చెప్తాను. ముందే చెబితే ఛాయ్ కప్పు అక్కడే పెట్టి లేచిపోతారు.

ముందు మా పని సంగతి వినండి. బండి పొగ చూడడానికి మా దగ్గరున్న పద్ధతి ఇది. బండిని రోడ్డు పక్కన ఆపిస్తాం. న్యూట్రల్‌లో పెట్టమంటాం. పొగగొట్టంలో మా మిషన్ పైపు దూర్చి డ్రైవర్‌ను యాక్సిలరేటర్ తొక్కమంటాం. మిషన్ ఒక అంకె చూపిస్తుంది. పాస్. అంటే నిలబడ్డ బండిని చూసి, అది రోడ్డు మీద పరిగెత్తేటప్పుడు ఎలా ఉంటుందో రాసిస్తామన్న మాట. మంచంలో పడుకున్న మనిషి ఛాతీ మీద చెయ్యి పెట్టి, "నీకు దమ్ము రోగం లేదు, పోయి గుట్ట ఎక్కు" అని చీటీ ఇచ్చినట్టు ఉంటుంది. గుట్ట మీద వాడు ఏమైతే మాకేంటి, చీటీ ఉంది కదా! నా చేత్తో పాస్ చేసిన లారీలే మధ్యాహ్నానికి బైపాస్ మీద నా మొహం మీద నల్లటి పొగ వదిలి పోయేవి. నేను రుమాలుతో మొహం తుడుచుకుని ఆఫీసుకు వెళ్లి ఇంకొక బండిని పాస్ చేసేవాణ్ని.

అలాంటి రోజుల్లో మందమర్రి నుంచి ఒకామె మా ఆఫీసుకు వచ్చింది. బస్సు దిగి, ఎవరినీ అడగకుండా, తిన్నగా మా పెద్దసారు గదిలోకి వెళ్లి ఎదురు కుర్చీలో కూర్చుంది. మా పెద్దసారు అంటే మా ఆఫీసుకు అధికారి. ఇస్త్రీ మడత నలగని చొక్కా, ఎప్పుడూ అద్దాలు ఎత్తిన ఏసీ కారు. పొగ మీద ఉద్యోగం చేస్తూ పొగ వాసన తెలియని మనిషిని నేను ఆయన్నే చూశాను. ఆమెను చూసి ఆయన వాచీ చూసుకున్నాడు. ఆమె అదేమీ పట్టించుకోలేదు.

"సారూ, మా ఇంటి ముంగట్నుంచి బొగ్గు లారీలు పోతయి. పొగంత ఇంట్లకే వస్తున్నది. మా ఆయినకు దమ్ము. డాక్టరు గాలి మార్చుమన్నడు. ఇల్లు మార్చుడు మాతోని కాదు. మీరు గాలన్న మార్చుండ్రి" అంది.

నాకు నవ్వొచ్చింది, పెద్దసారుకు రాలేదు. "సమస్యను శాస్త్రీయంగా పరిశీలిస్తాం" అన్నాడు. ఆమె ఆ మాటను కాసేపు నమిలి, "గట్ల జేస్తె మంచిదేనా సారూ?" అని నా వైపు తిరిగి అడిగింది. మంచిదే అక్కా అన్నాను. అప్పటికి నాకూ అలాగే అనిపించింది.

పరిశీలన కోసం ముందు నన్ను మందమర్రి పంపారు. కాలనీ చివర, లారీలు పోయే రోడ్డుకు ఆనుకుని ఆమె ఇల్లు. చిన్నదే, రెండు గదులు. కానీ ముందు గదికి ఒక కిటికీ ఉంది చూశారూ, అంత ఇంటికి అంత కిటికీ నేనెక్కడా చూడలేదు. సగం గోడ అదే. దాని ముందు కుర్చీ వేసుకుని ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. బొగ్గు గనిని అక్కడివాళ్లు బాయి అంటారు. ఆయన సర్వీసంతా బాయిలో దిగి పనిచేసి, ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ము పెట్టుకుని రిటైరయ్యాడు.

"జిందగంత కిడికి లేని కాడ పనిచేసిన సారూ" అన్నాడు, మాటకూ మాటకూ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ. "గందుకే గింత పెద్దది పెట్టిచ్చిన. మేస్త్రి నవ్విండు, గిది కిడికా, దుకాణం షట్టరా అని. పెట్టు బిడ్డా అన్న. నాకు ఎలుగు గావాలె. రోడ్డు గావాలె. వచ్చేటోళ్లు పొయ్యేటోళ్లు కండ్లవడాలె."

అంతలో ఒక లారీ పోయింది. ఆయన దాని మోత విని, "గిది లోడుది" అన్నాడు. ఇంకొకటి వచ్చింది. "గిది ఖాళీ." అప్పట్లో లారీలు ఆ ఇంటి ముందు ఆగకుండా ఒకే తీరుగా సాగిపోయేవి. పొగ వచ్చేది, కాదనను. కానీ కాసేపటికి గాలికి చెదిరిపోయేది. లారీ దగ్గరికి వచ్చినప్పుడు ఆమె కిటికీ రెక్కలు దగ్గరికి వేసేది, పోయాక తెరిచేది. రోజంతా అదే పని. ఆ రెక్కలు వేసి తీసే బాధ తగ్గించమనే ఆమె కరీంనగర్ దాకా వచ్చింది. ఆయనకు మిగిలిన ఊపిరితో ఆ కిటికీ దగ్గర కూర్చోవాలి, అంతే ఆ ఇంటికి కావలసింది.

ఆ కాలంలోనే మా ఆఫీసుకు ఒక కొత్త మిషన్ వచ్చింది. నడుస్తున్న బండి పొగను కొలుస్తుంది. బండ్లు నడపడానికి బస్సు డిపో నుంచి ఒకాయన్ను పంపారు. డిపోలో కొత్త డ్రైవర్లకు నేర్పేది ఆయనే. అందరూ ఉస్తాద్ అంటారు, నేనూ అదే అన్నాను. నోరు మంచిది కాదు, కాలు మాత్రం బంగారం. ఆయన నడిపే బస్సులో నిండు గ్లాసు పెట్టినా తొణకదు.

ఇద్దరం కలిసి కరీంనగర్‌లో దొరికిన ప్రతి రకం బండినీ నడిపాం. గ్రానైట్ బండలు మోసే లారీ, డిపో బస్సు, షేర్ ఆటో, మా ఆఫీసు కారు, చివరికి నా స్కూటర్. స్కూటర్ మీద ఉస్తాద్ ముందు, నేను వెనక, మిషన్ నా ఒళ్లో. పైపును వైరుతో కట్టి వెనక్కి వేలాడదీశాం. సిగ్నల్ దగ్గర పక్క బండివాడు నా ఒళ్లోకి చూసి, "సారూ, గిది పేలదు కదా?" అని దూరం జరిగాడు. "మీ పెద్దసారును పిల్వుండ్రి, ఆయన ఒళ్లె పెడుదం" అన్నాడు ఉస్తాద్. నడిరోడ్డు మీద అంత నవ్వు నేనెప్పుడూ నవ్వలేదు.

కనుక్కున్నది మాత్రం నవ్వే సంగతి కాదు. బండి బాగా మెల్లగా పాకుతూ పోయినప్పుడు, ఆగుతూ లేస్తూ పోయినప్పుడు, ఒక కిలోమీటరుకు వదిలే పొగ ఎక్కువ. అదే రోడ్డుకు ఇంజన్ ఎక్కువసేపు తిరుగుతుంది, కింది గేరులో గింజుకుంటుంది, ఆగిన ప్రతిసారీ లేవడానికి డీజిల్ కుమ్మరిస్తుంది. వేగం కొంచెం పెంచి ఒకే తీరుగా పోనిస్తే పొగ తగ్గుతుంది. అలాగని మరీ దౌడు తీయిస్తే మళ్లీ పెరుగుతుంది, ఎదురుగాలిని తోసుకుంటూ పోవాలి కదా. అప్పుడు కంటికి నల్లగా కనబడదు గానీ కనబడని విషవాయువు ఎక్కువవుతుంది. ఏ బండికి ఆ బండి తీరు వేరు. ఖాళీ కారు ఆగి లేచినా పెద్దగా కష్టపడదు. ఆటో సిగ్నల్ దగ్గర పొగలు కక్కి, సాగితే కుదురుకుంటుంది. బస్సుకు స్టాపులే శత్రువులు. లోడు లారీ సంగతి అన్నిటికంటే అన్యాయం. దాన్ని ఒకసారి ఆపి లేపితే వదిలేంత పొగ, సాఫీగా పోయేటప్పుడు చాలా దూరం పోయినా వదలదు.

ఇదంతా గ్రాఫులు గీసి పట్టుకుపోయాను. మీటింగ్ పెట్టారు. పెద్దసారు మొదటి గ్రాఫు చూసి రెండోది పక్కకు జరిపాడు. "ఈ వంకర గీతలు నాకెందుకయ్యా? ఒక్క మాటలో చెప్పు. ఏం చేస్తే పొగ తగ్గుతుంది?"

"అది సార్, వేగాన్ని బట్టి, బండి రకాన్ని బట్టి..." అని నేను మొదలుపెట్టాను. పక్కన ఉస్తాద్‌కు ఓపిక లేదు. డిపోలో డ్యూటీ టైమ్ అవుతోంది. ఆయనే అందుకున్నాడు.

"ఏం లేదు సారూ. నిదానంగ నడిపితె పొగ రాదు. గంతే."

పెద్దసారు మొహం వెలిగిపోయింది. "శభాష్! ఇదీ చెప్పడం అంటే" అన్నాడు. మినిట్స్‌లో అదే ఎక్కింది, కాకపోతే కొంచెం ఇస్త్రీ చేసి: వాహనాలు నెమ్మదిగా వెళ్తే కాలుష్యం తగ్గునని నిపుణులు తేల్చిరి.

పిల్లలూ, ఇక్కడ కాస్త ఆగి వినండి. డ్రైవర్ల నోట నిదానం అంటే మెల్లగా అని కాదు. కాలు అదరకుండా, ఎగేసి తొక్కకుండా, ఊరికే బ్రేకు మీద పడకుండా, ఒకే తీరుగా అని. బస్సు మంచి స్పీడులో పోతున్నా నిదానంగానే పోవచ్చు. మనూళ్లలో ఏ డ్రైవర్‌ను అడిగినా చెప్తాడు. కానీ ఆ గదిలో కూర్చున్నవాళ్లలో స్టీరింగ్ పట్టినవాడు ఉస్తాద్ ఒక్కడే. మిగతావాళ్లందరికీ డ్రైవర్లున్నారు. నేను లేచి, "సార్, నిదానం అంటే నెమ్మది కాదు" అన్నాను. "తెలుగు క్లాసు తర్వాత పెట్టుకుందాం" అన్నాడు పెద్దసారు. అందరూ నవ్వారు.

నెమ్మదిగా వెళ్లాలంటే ఏం చేయాలి? స్పీడ్ బ్రేకర్ వెయ్యాలి. ఎక్కడ వెయ్యాలి? ఫిర్యాదు చేసిన మనిషికి మేలు జరగాలి కదా, సరిగ్గా ఆమె ఇంటి ముందే వెయ్యాలి. వేశారు. బడి లేదు, మలుపు లేదు, జనం దాటే చోటు కాదు. కిటికీ ముందు, కొలిచి పెట్టినట్టు, ఇంత ఎత్తున తారు దిబ్బ. పక్కన బోర్డు: "నెమ్మదిగా వెళ్లండి, కాలుష్యం తగ్గించండి." బోర్డు కింద మా పెద్దసారు ఫోటో దిగాడు.

కొన్నాళ్లకు ఆమె మళ్లీ కరీంనగర్ వచ్చింది. ఈసారి కూర్చోలేదు.

"సారూ, మీ కాళ్లు మొక్కుత. గా దిబ్బ తీపియ్యుండ్రి. మునుపు లారి వొయ్యేది, పొగ వొయ్యేది. ఇప్పుడు లారి మా కిడికి కాడ ఆగుతున్నది, గుర్రుమంటున్నది, ఇంటెడు పొగ గుమ్మరిచ్చి పోతున్నది. ఆయినకు పానం మీదికొస్తున్నది."

పెద్దసారు జాలిగా చూశాడు. "అమ్మా, వాహనాలు ఇంకా పూర్తిగా నెమ్మదించలేదు. అందుకే పొగ వస్తోంది. మీ ఫిర్యాదును తీవ్రంగా పరిగణిస్తాం."

ఎంత తీవ్రంగా పరిగణించారంటే, ఆ దిబ్బకు కాస్త ఇవతల ఇంకొక దిబ్బ వేశారు.

నేనూ ఉస్తాద్ చూడ్డానికి పోయాం. లోడు లారీలు మొదటి దిబ్బ దగ్గర ఫస్ట్ గేరుకు దిగి, ఎక్కి, దిగి, లేవబోయేసరికి రెండోది. మళ్లీ ఫస్ట్ గేరు. రెండిటి పొగా ఆ కిటికీ మీదికే. కిటికీకి రెక్కలు వేసేసి, బయట లారీలకు కప్పే తాడిపత్రి పట్టా వేసి మేకులు కొట్టి ఉంది. లోపల పగలే లైటు వెలుగుతోంది. ఆయన కుర్చీ అక్కడే ఉంది, మూసిన కిటికీ వైపే మొహం. మమ్మల్ని చూసి చెయ్యెత్తాడు. మాట్లాడటానికి ఊపిరి చాలలేదు. లారీ మోత వినబడితే వేలితో సైగ చేశాడు, లోడుది అని.

"మల్ల బాయిల దింపిండ్రు తమ్మీ ఈయనను" అంది ఆమె నాతో. అప్పటికి సారు పోయి తమ్మి అయ్యాను. "మునుపు గంటల పనికి దిగేటోడు, పైకొచ్చేటోడు. ఇప్పుడు ఎప్పటికీ గీ చీకట్లనే."

నాకు సిగ్గేసింది, కోపమొచ్చింది. ఉస్తాద్‌కు ఒట్టి కోపమే. రోడ్డు మీదికి వచ్చి ఆ బోర్డు ముందు నిలబడి తిట్టాడు. "నేను నిదానం అన్న. మెల్లగ అన్ననా? వంట నిదానంగ చెయ్యిమంటె పొయ్యి ఆర్పుతరార వీళ్లు? నా మాట మీద ఇంత మన్ను దెచ్చి పోసిండ్రు!" అటు పోయే లారీ డ్రైవర్ తననే తిడుతున్నాడనుకుని బ్రేకు వేశాడు. ఇంకొంచెం పొగ.

నేను ఆఫీసులో చెప్పాను. మిషన్ తెచ్చి కొలిచి, కాగితం పెట్టి చెప్పాను. "వేగం తగ్గితే పొగ తగ్గదా? చిన్నపిల్లాడికి కూడా తెలుసు కదయ్యా" అన్నాడు పెద్దసారు. చిన్నపిల్లాడికి తెలిసినంతే తెలిసినవాళ్లు పెద్ద కుర్చీల్లో కూర్చుంటే మనం ఏం చేయగలం? పైగా ఆ రోడ్డుకు ఆదర్శ రోడ్డు అని పేరు పెట్టి హైదరాబాద్‌కు రాశాడు. అది చూడ్డానికి అక్కడినుంచి ఒక మహా పెద్దసారు బయల్దేరాడు.

ఆ రోజు మందమర్రిలో మా హడావుడి చూడాలి. పొద్దున్నే ట్యాంకరుతో రోడ్డంతా నీళ్లు కొట్టించారు. దిబ్బలకు కొత్తగా తెల్ల చారలు పూయించారు. మిషన్ తెచ్చి బోర్డు పక్కన బల్ల మీద పెట్టి, పూలదండ ఒకటి వేశారు. మిషన్‌కు దండ! అన్నిటికంటే ముఖ్యమైన ఏర్పాటు ఏమిటంటే, సార్లు వచ్చిపోయే దాకా లారీలన్నిటినీ దూరంగా క్రాసింగ్ దగ్గరే ఆపేశారు. ఎండ, చల్లటి తడి రోడ్డు, కోకిల కూస్తోంది. పొగ కొలిచే మిషన్‌కు కొలవడానికి ఏమీ లేదు. మహా పెద్దసారు కారు దిగి, అంకె చూసి, "అద్భుతం" అన్నాడు. మా పెద్దసారు తల వంచుకుని సిగ్గుపడ్డాడు.

ఆమె గేటు దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది. నన్ను సైగ చేసి పిలిచింది.

"లారీలేవి తమ్మీ?"

"ఆపిండ్రక్కా. సార్లు పోయేదాక."

"సార్లు పోయేదాకనా?" అంది. "అయితె పోనియ్యద్దు."

కొంగు బిగించి రోడ్డు మీదికి వచ్చి మహా పెద్దసారు ముందు చేతులు జోడించింది. "అంత దూరం నుంచి వచ్చిండ్రు, మా ఇంట్ల ఛాయన్న తాగకుంట పోతరా సారూ? మా ఆయిన లేవలేడు, మీరే జర లోపలికి రాండ్రి." లబ్ధిదారుతో ఫోటో బాగుంటుందని మా పెద్దసారుకూ తోచింది. అందరూ లోపలికి వెళ్లారు. ఉన్న కుర్చీలన్నీ ఆమె కిటికీ ముందు వేసింది. లారీలు రావడం లేదని ఆ పొద్దున్నే తాడిపత్రి పీకేసిందామె, కిటికీ బార్లా తెరిచి ఉంది. ఎన్నో నెలల తర్వాత ఆ గదిలో వెలుగు. ఆయన కళ్లు చిట్లించుకుని రోడ్డు చూస్తున్నాడు, మొహం నిండా నవ్వు.

ఛాయ్ రాలేదు. "పాలు ఇప్పుడే పొయ్యి మీద పెట్టిన సారూ." కాసేపటికి, "శక్కెర దెస్తున్న సారూ." ఇంకాసేపటికి, "అల్లం దంచుతున్న సారూ, అల్లం లేని ఛాయ్ మీకెట్ల ఇస్త?" వంటింట్లో రోటి చప్పుడు వినిపిస్తోంది. ఆ అల్లం ఎంతసేపు దంచిందంటే, అది అల్లమో బండరాయో నాకు అనుమానం వచ్చింది. అక్కడ క్రాసింగ్ దగ్గర లారీలు వరస కట్టి, వెనక బస్సులు ఆగి, జనం దిగి పోలీసు మీద అరవడం మొదలుపెట్టారట. సార్లు పోయే ఉంటార్లే అనుకుని ఆ పోలీసాయన చెయ్యి ఊపి లారీలను వదిలేశాడు.

మొదటి లారీ మోత వినబడగానే కుర్చీలో పెద్దాయన నవ్వు ఆరిపోయింది. "లోడుది" అన్నాడు. దాని వెనక అన్నీ లోడువే. ఒకదాని వెనక ఒకటి దిబ్బ ముందు ఆగి, ఫస్ట్ గేరు వేసి, కిటికీలోకి పొగ కొట్టి, దిబ్బ ఎక్కి దిగి, రెండో దిబ్బకు మళ్లీ ఆగుతున్నాయి. గది నల్లబడింది. ఛాయ్ కప్పులు అప్పుడు పట్టుకొచ్చిందామె, తీరిగ్గా. మహా పెద్దసారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు, కళ్లలో నీళ్లు. మా పెద్దసారు ఇస్త్రీ చొక్కా మీద మసి. వాళ్ల దగ్గు దగ్గే కాదు. పెద్దాయన కుర్చీ చేతులు పట్టుకుని ఊపిరి కోసం ఎగపడుతున్నాడు. ఆమె కప్పులు కింద పెట్టేసి ఆయన వీపు రాస్తూ, "అయిపోయింది, అయిపోయింది, ఇయ్యాలటితోని అయిపోయింది" అంటోంది. ఆ మాట నాకిప్పటికీ చెవిలో ఉంది. కళ్లారా చూశారు కదా, ఇక తీసేస్తారని ఆమె నమ్మకం. నేనూ నమ్మాను, దాచడమెందుకు.

పొగ కాస్త చెదిరాక మహా పెద్దసారు గొంతు సవరించుకున్నాడు.

"నాకు అర్థమైంది" అన్నాడు. "వేగం ఇంకా ఎక్కువగానే ఉంది. ఇక్కడ మూడో స్పీడ్ బ్రేకర్ వెయ్యండి."

నేను ఆగలేకపోయాను. "సార్, వెయ్యడం కాదు, తీసెయ్యాలి సార్! మీరు పీల్చింది ఆ దిబ్బ పొగే!"

"ఈ టెక్నికల్ వాళ్లు ఎప్పుడూ ఇంతే, కన్ఫ్యూజ్ చేస్తారు" అని మా పెద్దసారు ఆయన్ను బయటికి నడిపించుకుపోయాడు. ఆయన వీపు రాస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. ఛాయ్ ఎవరూ తాగలేదు. ఆ రోజు నా జీతం మీద, నా మిషన్ మీద, దానికి వేసిన దండ మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు వినండి మా ఆఫీసు చేసిన మంచి పని.

మహా పెద్దసారు వచ్చింది కొత్త కారులో. నేలకు జానెడెత్తున నిగనిగలాడే కారు. వచ్చేటప్పుడు అందులో ఆయనా డ్రైవరూ ఇద్దరే, దిబ్బల మీదినుంచి ఎలాగో జారి వచ్చేసింది. పోయేటప్పుడు ఆయన పక్కన కూర్చోవాలని మా పెద్దసారు ఎక్కాడు. ఆయన ఎక్కాడని ఇంకొకాయన ఎక్కాడు. వాళ్లిద్దరూ ఎక్కితే మనం ఎక్కకపోతే ఎలాగని ముందు సీట్లో ఇంకొకాయన. అందరూ ఉద్యోగంలో బాగా బరువు పెరిగినవాళ్లే. కారు కదిలింది, మొదటి దిబ్బ ఎక్కింది. దిగలేదు. కింద పొట్ట దిబ్బకు రాసుకుని గర్రుమని ఒక మోత వచ్చింది. తారు మీద నూనె కారింది. మహా పెద్దసారు కారు దిగి, వంగి, కారు కింద చూశాడు. ఆ పెద్దాయన దగ్గుతుంటే చూడని చూపు అది. నిజమైన బాధ ఉంది అందులో.

"ఎవడయ్యా వేసింది దీన్ని?" అని అరిచాడు.

మా పెద్దసారు కూడా వంగి కారు కింద చూడడం మొదలుపెట్టాడు. బోర్డు కింద ఆయన ఫోటో దిగిన సంగతి, మిషన్‌ను బండిలో తెచ్చిన ఉస్తాద్ గుర్తుచేయబోతే నేనే చెయ్యి పట్టి ఆపాను.

మర్నాడు ఎండ ఎక్కకముందే రెండు దిబ్బలూ లేవు. మనుషులు, రోడ్డు తవ్వే మిషన్, తారు అన్నీ ఎక్కడినుంచి వచ్చాయో తెలియదు. పైకి రాసిన కారణం, వాహనాల భద్రత దృష్ట్యా. పొగ మాట అందులో లేదు, మనిషి మాట అసలే లేదు. పిల్లలూ, ఇదే మన ఆఫీసు చేసిన మంచి పని. నవ్వుకోండి.

తర్వాత ఒకసారి ఉస్తాద్‌తో కలిసి ఆ ఇంటికి పోయాను. లారీలు ఆగకుండా ఒకే తీరుగా సాగిపోతున్నాయి, నిదానంగా. "గిదీ నిదానం అంటె!" అని ఉస్తాద్ రోడ్డుకు చెప్పాడు. బోర్డు మాత్రం అలాగే ఉంది, దానికి ఏ పెద్దసారు కారూ గుద్దుకోలేదు మరి. కిటికీ తెరిచి ఉంది. ఆయన కుర్చీలో కూర్చుని రోడ్డు చూస్తున్నాడు. పోయిన ఊపిరి తిరిగి రాలేదు, దమ్ము దమ్మే, మనిషి సగమైపోయాడు. అయినా లారీ పోతే, "ఖాళీది" అని నోటితో చెప్పాడు, సైగ చేయలేదు.

ఆమె ఛాయ్ ఇచ్చింది, ఈసారి వెంటనే. అల్లం బాగా వేసింది. గడపలో కూర్చుని నన్ను అడిగింది.

"తమ్మీ, మీ పెద్దసారుకు గూడ గసొంటి కిందికున్న కారు సర్కారు ముందుగాలనే ఎందుకు ఇయ్యకపాయె? ఈయన రెండు ఎండకాలాలు చీకట్ల కూసునేటోడు కాదు కదా."